పసుపు గీత

ప్రశాంతికి ఒక స్నేహితురాలు ఉండేది. ఉండేది అనడంలోనే కథంతా ఉంది. కోదాడ బడిలో ప్రశాంతిని పిలిస్తే వైష్ణవి పలికేది, వైష్ణవిని తిడితే ప్రశాంతి ఏడ్చేది. అలాంటి ఇద్దరి మధ్య పన్నెండేళ్ళుగా మాట లేదు. ప్రశాంతి ఇప్పుడు బెంగుళూరులో ఒక పరిశోధన సంస్థలో ఉంది. కొలిమిలా మండే భారీ గ్రహాల గాలిలో ఏమేం కలిసున్నాయో వెలుగును విడదీసి కనిపెట్టడం ఆమె పని. వందల కాంతి సంవత్సరాల అవతలి గాలి గురించి గంటసేపు ఆపకుండా మాట్లాడగల మనిషికి, మిర్యాలగూడలో ఉంటున్న ఆ ఒక్క మనిషి గురించి మాత్రం నోరు పెగిలేది కాదు. కోపం కొంత, అంతకంటే ఎక్కువ బెంగ. పోయిన స్నేహం మళ్ళీ దొరుకుతుందా, ఇక ఇంతేనా అన్న ప్రశ్న ఆమె లోపల ఎప్పుడూ మసలుతూనే ఉండేది.

2014 ఫిబ్రవరి నెలాఖరున సైన్సు దినోత్సవానికి మిర్యాలగూడలో ఒక ఆడపిల్లల కాలేజీ వాళ్ళు ఆమెను పిలిచారు. ఫోన్ చేసిన లెక్చరర్ మాటల మధ్యలో, "ఈడ సాగర్ రోడ్డుల వైష్ణవి మేడమని రైస్ మిల్లు నడుపుతరు. మీ కోదాడలనే చదివిండ్రంట. మీకు ఎర్కనా?" అని అడిగాడు. "ఎర్కనే" అని ప్రశాంతి ఫోన్ పెట్టేసింది. పెట్టేశాక చాలాసేపు ఏ పనీ చెయ్యలేకపోయింది. వెళ్ళి కలవాలా? కలిసి ఏం మాట్లాడాలి? తప్పు చేసింది తను కాదుగదా, తనే ఎందుకు మెట్టు దిగాలి? ఇలా తనతో తనే తగువు పెట్టుకుని, ఏదీ తేల్చుకోకుండానే బయలుదేరి పాలకీడు వచ్చింది.

ఒక రోజు ఇంట్లో ఉండి పొద్దున్నే మిర్యాలగూడకు బయలుదేరుతుంటే, నాయనమ్మ కొమురమ్మ కూడా చెప్పులేసుకుంది. ఎనభై దగ్గరపడ్డ మనిషి. గొర్ల మంద వెంట సాగర్ కాలువ గట్లన్నీ తొక్కిన కాళ్ళు కాస్త వంకరపోయాయి కానీ నోరు మాత్రం నిటారుగానే ఉంది.

"నువ్వెందుకు నాయినమ్మా, ఎండ" అంది ప్రశాంతి.

"నా మనుమరాలు నలుగురి ముంగట నిలవడి మాట్లాడుతాంటె సూడకుంట సస్తనా? జర పక్కకు జరుగు" అని బస్సులో కిటికీ పక్క సీటు లాక్కుంది కొమురమ్మ.

బస్సు నేరేడుచర్ల దాటింది. రోడ్డుకు రెండు పక్కలా కాలువ నీళ్ళ మీద పచ్చగా నిలబడ్డ వరి. ముసలామె కునికిపాట్లు పడుతోంది. ఆమె తల తన భుజం మీద వాలుతుంటే ప్రశాంతికి కోదాడ రోజులు గుర్తొచ్చాయి. గుర్తు తెచ్చుకోవద్దని ఎంత అనుకున్నా, ఆ రోజులు పిలవని చుట్టాల్లా వచ్చి కూర్చుంటాయి.

అప్పుడు పదో తరగతి. 2001. ప్రశాంతి కోదాడలో హాస్టల్లో ఉండి చదివేది. వైష్ణవి చిలుకూరు నుంచి రోజూ ఆటోలో వచ్చేది. వాళ్ళది భూములున్న ఇల్లు, ఊళ్ళో అందరూ వాళ్ళ నాన్నను పటేల్ అనేవాళ్ళు. హాస్టల్ పప్పుచారులో పప్పును వెతుక్కోవాలని తెలిసిన రోజు నుంచీ వైష్ణవి రెండు డబ్బాలు తేవడం మొదలుపెట్టింది. ఒకటి తనది, ఒకటి ప్రశాంతిది. ఊరికే తింటే బాగుండదని ప్రశాంతి ఇంటికెళ్ళినప్పుడల్లా సీతాఫలాలు మూటగట్టి తెచ్చేది. గింజలు ఎవరు ఎక్కువ దూరం ఊస్తారో చూసుకోవడం ఆ ఇద్దరి ముఖ్యమైన ఆట. చదువులో ప్రశాంతి ముందు, ఊయడంలో వైష్ణవి ముందు.

వాళ్ళ ఫిజిక్స్ సారు భాస్కర్. జగ్గయ్యపేట నుంచి వచ్చి కోదాడలో స్థిరపడిన మనిషి. పాఠం కంటే పాఠంలో లేనివి బాగా చెప్పేవాడు. చలి మొదలైన రోజుల్లో ఒక పొద్దున పేపరు పట్టుకుని క్లాసులోకి ఊగిపోతూ వచ్చాడు.

"విన్నారా? వేరే నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహం మీద గాలి ఉందని మొదటిసారి కనిపెట్టారు. ఆ గాలిలో సోడియం ఉందిట. మనం కూరలో వేసుకునే ఉప్పులో ఉంటుందే, ఆ సోడియం."

ఆ గ్రహం మన బృహస్పతి అంత పెద్దదనీ, తన సూర్యుడికి బాగా దగ్గరగా తిరగడంతో భగ్గున కాగిపోతుందనీ, దానికి ఏడాదంటే మన మూడున్నర రోజులేననీ చెప్పాడు.

"అంటే వారానికి రెండు ఉగాదులు సార్" అంది వైష్ణవి. క్లాసంతా నవ్వింది. సారు కూడా నవ్వాడు.

"మరి ఎవలన్న పోయి ఆ గాలి పట్టుకొచ్చిండ్రా సార్?" అని అడిగింది ప్రశాంతి.

"ఎవరూ వెళ్ళలేదమ్మా. ఆ గ్రహం తన సూర్యుడికి అడ్డంగా వచ్చినప్పుడు, వెనకనుంచి వచ్చే వెలుగు కొంచెం దాని గాలి అంచులోంచి వడగట్టుకుని వస్తుంది. గాలిలో ఉన్న ప్రతి పదార్థం తనకిష్టమైన రంగును మింగేస్తుంది. మనదాకా వచ్చిన వెలుగులో ఏ రంగు తగ్గిందో చూస్తే, తిన్నదెవరో దొరికిపోతారు."

అంతటితో ఆగలేదాయన. హాస్టల్ వంటింట్లోంచి పంపు స్టవ్వు తెప్పించి, నీలంగా మండుతున్న మంట మీద చిటికెడు ఉప్పు చల్లాడు. మంట చిటపటమని పసుపుగా లేచింది. "ఉప్పు మంటలో పడితే ఏ రంగు ఇస్తుందో, ఆవిరై వెలుగుకు అడ్డం నిలబడితే అదే రంగును మింగుతుంది. అంతే రహస్యం" అన్నాడు. అంత పెద్ద సంగతి అంత చిన్న స్టవ్వు మీద జరిగిపోవడం చూసి ప్రశాంతికి ఒళ్ళు జలదరించింది. ఆమె బతుకు ఏ దారి పట్టిందో ఆ దారి అక్కడే మొదలైంది.

సారు చెప్పినట్టు ఇద్దరూ ఒక పెట్టె చేశారు. చెప్పుల డబ్బాకు బ్లేడుతో సన్నని చీలిక పెట్టి, లోపల వైష్ణవి వాళ్ళన్న పారేసిన సీడీ ముక్క అతికించారు. వెలుగు చీలికలోంచి దూరి, సీడీ మీద పడి, రంగులుగా విడిపోతుంది. స్టోరు రూము తలుపు వేసి, స్టవ్వులో ఉప్పు వేసి, ప్రశాంతి మొదట కన్ను పెట్టింది. చీకట్లో నిటారుగా ఒకటే ఒక్క పసుపు గీత.

"వైష్ణవీ! గీత! గీత కనవడుతాందే!"

"జరుగు, నన్ను సూడనియ్. జరుగవే గొర్రెమొకమా!"

ఒకరి చెంప ఒకరికి ఆనించి ఇద్దరూ ఒకే కన్నంలోంచి చూడాలని తంటాలు పడ్డారు. పెద్దయ్యాక ఇద్దరం ఆ గ్రహం పనే చేద్దామని అక్కడే అనుకున్నారు. ఆ స్టోరు రూములో కిరోసిన్ కంపు, గోనెసంచుల దుమ్ము. ప్రశాంతి ఆ తర్వాత పెద్ద పెద్ద దూరదర్శినులున్న చోట్లకు వెళ్ళింది కానీ, అంత సంతోషం మళ్ళీ ఎక్కడా దొరకలేదు. ఆ మాట బెంగుళూరులో ఎవరికైనా చెబితే నవ్వుతారని చెప్పుకోలేదు.

జిల్లా సైన్సు ఫెయిరు ఆ చలికాలమే, కొత్త ఏడాది జనవరిలో సూర్యాపేటలో జరిగింది. సారు వీళ్ళ పెట్టెను పంపాడు. మైలుతుత్తం, సున్నం, క్యారంబోర్డు పౌడరు, ఉప్పు, ఇలా నాలుగైదు పొడులు మూత గిన్నెల్లో ఉంటాయి. జడ్జీలు ఏ గిన్నెలోదైనా తీగ కొసకు అద్ది మంటలో పెడితే, గిన్నె చూడకుండానే, పెట్టెలో గీతలు చూసి అది ఏ పొడో చెప్పాలి. నెగ్గితే హైదరాబాదు వెళ్తారు. పొద్దుట్నుంచీ జనం వాళ్ళ బల్ల దగ్గరే మూగారు. జడ్జీలకు ఎవరు చెప్పాలన్న దగ్గర మాత్రం చిన్న పేచీ వచ్చింది. సారు ప్రశాంతిని చెప్పమన్నాడు. వైష్ణవి మూతి ముడుచుకుని, "నువ్వే చెప్పుకో, పెట్టె నాది గాదా ఏంది" అంది. ఎప్పుడూ ఉండే పేచీలే. ఇంకో రోజైతే సీతాఫలం తినేలోపు మర్చిపోయేవాళ్ళు.

గొర్లను సూర్యాపేట దిక్కు మేతకు తోలుకొచ్చిన ప్రశాంతి వాళ్ళ నాయిన పరశురాములు, నాయనమ్మ కొమురమ్మ కూడా చూడటానికి వచ్చారు. మధ్యాహ్నం నాయిన ప్రశాంతిని బయట అన్నానికి తీసుకెళ్ళాడు. ముసలామె ఆకలి లేదని హాల్లోనే ఉండిపోయింది. పంపు స్టవ్వు ఆర్పితే మళ్ళీ వెలిగించడం పెద్ద తతంగం. అందుకని దాన్ని సన్నగా మండనిచ్చి వైష్ణవిని కాపలా పెట్టారు.

ప్రశాంతి తిరిగి వచ్చేసరికి జడ్జీలు గుమ్మంలో ఉన్నారు. వైష్ణవి బల్ల మీద నుంచి ఏదో గబగబా అరచేత్తో కిందికి తుడుస్తోంది. దొడ్డుప్పు పలుకులు. ఆమె కుడిచేతి వేళ్ళు ఎర్రగా కాలి ఉన్నాయి. ఏమైందని అడిగే సమయం లేదు. జడ్జీలు వచ్చారు. మైలుతుత్తం పెట్టారు, ఆకుపచ్చగా రావాల్సిన మంట పసుపు. సున్నం పెట్టారు, పసుపు. పెట్టెలో కన్ను పెడితే మిగతా గీతలన్నిటినీ తొక్కేసి అదే పసుపు గీత.

"మరి అన్నిట్లో ఉప్పే పోశారా అమ్మా?" అని ఒక జడ్జీ నవ్వాడు. వెనకాల జనం నవ్వారు. భాస్కర్ సారు తల వంచుకున్నాడు.

జడ్జీలు వెళ్ళాక ప్రశాంతి స్టవ్వు చూసింది. బర్నరు నిండా కరిగి అంటుకున్న ఉప్పు. వైష్ణవి చేతులు వెనక్కి పెట్టుకుంది. అంతే, ప్రశాంతి నోటికి అడ్డూ ఆపూ లేకపోయింది.

"ఓర్వలేక చేసినవ్! నన్ను చెప్పమన్నరని ఉప్పు వోసినవ్! మేము ఎదుగుతే మీ పటేండ్ల కండ్లల్ల నిప్పులు వడతయని మా నాయిన చెప్తనే ఉంటడు!"

పరశురాములు జన్మలో అలాంటి మాట అనలేదు. గొర్రెపిల్లను కూడా గట్టిగా అదిలించని మనిషి. కోపంలో మనిషి తన దగ్గరున్న రాయే కాదు, లేని రాయి కూడా తయారుచేసుకుని విసురుతాడు. వైష్ణవి నోరు తెరిచింది. ఏదో చెప్పబోయింది. చెప్పకుండా మూసుకుంది. గిరుక్కున తిరిగి వెళ్ళిపోయింది. తప్పు చేయకపోతే కాదని చెప్పేదిగా, అనుకుంది ప్రశాంతి. కాలిన వేళ్ళు చేసిన పనికి దేవుడు వేసిన శిక్ష అని కూడా అనుకుంది.

ఆ తర్వాత బెంచీలు మారాయి. కొన్నాళ్ళపాటు మధ్యాహ్నం పూట రెండో డబ్బా ప్రశాంతి బెంచీ మీద కనిపించేది. ప్రశాంతి ముట్టుకోలేదు. ఒక రోజు నుంచి డబ్బా రావడం మానేసింది. ఆ రోజు హాస్టల్ పప్పుచారు గొంతు దిగక ఏడ్చింది కానీ, ఎందుకు ఏడుస్తున్నావని అడిగిన వాళ్ళకు కారమైందని చెప్పింది.

చదువు మాత్రం కసిగా చదివింది. కోదాడ అయింది, హైదరాబాదు అయింది, బెంగుళూరు వచ్చింది. అక్కడ మొదటి పెద్ద పని చేతికందినప్పుడు, ఒక మండే గ్రహం వెలుగులో ఆమెకు సోడియం గుర్తు కొట్టొచ్చినట్టు కనిపించింది. ఎగిరి గంతేసి గైడు మేడం దగ్గరికి పరుగెత్తింది. మేడం తాపీగా చూసి, "ఇది ఆ గ్రహంలోదా, మన దగ్గరిదా?" అని అడిగింది. అంత దూరం నుంచి వచ్చిన వెలుగు చివరికి మన గాలిలోంచే కిందికి దిగాలి. మన ఆకాశం తన మచ్చలన్నీ దానికి పూస్తుంది. మన ఆవిరి, మన పైగాలిలో ఉన్న సోడియం, మన వీధి దీపాల పసుపు, అన్నీ. "ముందు నీ ఇంటిది తీసెయ్. మిగిలితే అప్పుడు ఎదుటివాళ్ళ పేరు చెప్పు" అంది మేడం. తీసేస్తే ఏమీ మిగల్లేదు. ప్రశాంతి చూసిందంతా ఇంటి ఉప్పే. సిగ్గుతో ఏడాదిపాటు ఆ పని మళ్ళీ మొదట్నుంచీ చేసింది. ఆ మీదట కొత్తగా చేరిన పిల్లలందరికీ ఆ మాటే పాఠంగా చెప్పేది. నీతులున్నది ఎదుటివాళ్ళకు చెప్పడానికే గదా. ఆ పాఠం తనకే ఇంకోచోట అక్కరకొస్తుందని ఆమెకు ఒక్కనాడూ తోచలేదు.

కండక్టరు మిర్యాలగూడ అని అరిచాడు. కొమురమ్మ ఉలిక్కిపడి లేచి, అసలు తను నిద్రే పోలేదని చెప్పింది.

కాలేజీ హాలు నిండా అమ్మాయిలు. ప్రశాంతి తెర మీద బొమ్మలు వేసి గ్రహాల సంగతి చెప్పింది. ఇనుమును కూడా కరిగించే వేడి గురించి, వెలుగును మింగే గాలి గురించి చెబుతుంటే పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు. మాటలయ్యాక బల్ల మీద చిన్న గ్యాసు స్టవ్వు వెలిగించింది. నీలం మంట. పొడులు, పెట్టె సిద్ధం. అమ్మాయిలంతా లేచి బల్ల చుట్టూ మూగారు. ముందు కుర్చీలో కూర్చున్న కొమురమ్మ కూడా లేచింది. చీకటి కోసం కిటికీల తెరలు దించడానికి ప్రశాంతి అటు తిరిగింది. వెనకనుంచి నాయనమ్మ చెయ్యి తన చుట్టూ తిరిగినట్టు అనిపించింది. మనుమరాలి చీర సర్దుతోందేమో అనుకుంది.

చిటపట శబ్దం వినిపించి ఇటు తిరిగేసరికి నీలం మంట లేదు. పసుపు మంట లేచి మండుతోంది.

"నాయినమ్మా, గదేంది? స్టవ్వుల ఏమేసినవ్?"

"ఏం లేదు బిడ్డా."

"ఏమేసినవ్, చెప్పు."

కొమురమ్మ కొంగు ముడి బిగించుకుంటూ, "దిట్టి తీసిన" అంది. "ఇంతమంది ఆడిపిల్లలు కండ్లార్పకుంట నిన్నే సూడవట్టిరి. నరుని కండ్లకు నాపరాయన్న పలుగుతది. తీసిన ఉప్పు నిప్పులనే ఎయ్యాలె గదా, ఈడ ఇంకో పొయ్యి యాడున్నది?"

అమ్మాయిలు కిసుక్కున నవ్వారు. నవ్వితే ముసలామెకు ఇంకా హుషారొచ్చింది. "నవ్వుతరేందే? సూర్యాపేటల గూడ గిట్లనే తీస్తి. గప్పుడు ఈ పిల్ల సుట్టు గింతకన్న పెద్ద గుంపు. తిప్పిన ఉప్పు కొంగుల ముడేసుకొని, ఇది బువ్వకు వొయ్యినంక స్టవ్వుల ఏసిన. గందుకే మంచిగున్నది. లేకుంటె ఇంత దూరం వొయ్యేదా?"

ప్రశాంతి బల్ల వదిలి నాయనమ్మ దగ్గరికి వచ్చింది.

"సూర్యాపేటల... నువ్వా? ఎవలన్న సూసిండ్రా నాయినమ్మా?"

"ఆ పటేల్ పిల్ల లేదూ, నీ దోస్తు, గా పిల్ల సూసింది. అయ్యో అవ్వా, ఉప్పు వడితె ఖరాబైతదని ఉత్త చేతులతోనే గోకింది. ఏళ్ళు కాల్చుకున్నది పాపం. నేనే బెదిరిచ్చిన. దిట్టి తీసినట్టు నోరిప్పి చెప్తె తీసిన దిట్టి మల్ల నీ దోస్తుకే తలుగుతది, పానం మీదికి వస్తది, ఒట్టెయ్ అన్న. ఏసింది. బంగారమసొంటి పిల్ల. యాడున్నదే ఇప్పుడు?"

"మరి ఇప్పుడు నువ్వే చెప్పవడితివి గదా!" అంది ఒక అమ్మాయి నవ్వుతూ.

"పన్నెండేండ్లాయె. గా దిట్టికి ఇంక పండ్లున్నయా కరవనీకె?" అంది కొమురమ్మ.

హాలంతా గొల్లుమంది. ప్రశాంతి నవ్వలేకపోయింది. ఆ రోజుకు ఉప్పు ఒక్కటే చూపించింది. అందరూ వరసగా వచ్చి పెట్టెలో కన్ను పెట్టి ఆ గీత చూసి వెళ్ళారు. ఆమె కళ్ళకు మాత్రం ఎర్రగా కాలిన వేళ్ళు తప్ప ఏమీ కనిపించలేదు. కార్యక్రమం అయిపోగానే, అమ్మాయిల మధ్య కూర్చుని గొర్ల ముచ్చట్లు చెబుతున్న నాయనమ్మను లెక్చరర్‌కు అప్పగించి, ఆటో ఎక్కి సాగర్ రోడ్డుకు పొమ్మంది.

మిల్లు ఆవరణలోకి అడుగు పెడుతుంటేనే ఉడికిన వడ్ల వాసన తగిలింది. ఒక పక్క ఊక గుట్ట, ఒక పక్క లారీ. లారీ పక్కన నిలబడి ఒకామె గుప్పెట్లో బియ్యం తీసుకుని, ఒక గింజ పంటికింద పెట్టి కొరికి చూస్తోంది. ఒళ్ళు చేసింది. జుట్టు క్లిప్పుతో ముడిచింది. అయినా నిలబడే తీరు అదే, ఎవరితోనో పందేనికి దిగినట్టు. ప్రశాంతికి పరుగెత్తి వాటేసుకోవాలనిపించింది. అయినా నాలుగడుగుల దూరంలోనే ఆగిపోయింది.

వైష్ణవి తల తిప్పి చూసింది. గింజ ఊసి, చేతులు దులుపుకుంది.

"నువ్వా? పేపర్ల సూసిన కాలేజీకి వస్తున్నవని."

"నాయినమ్మ చెప్పిందే" అంది ప్రశాంతి.

"ఏం చెప్పింది?" అని అడిగింది వైష్ణవి. చాలా జాగ్రత్తగా అడిగింది. పన్నెండేళ్ళ తర్వాత కూడా ముందుగా తను నోరు జారకూడదన్న జాగ్రత్త అది.

"దిష్టి సంగతి. సూర్యాపేటల."

వైష్ణవి గట్టిగా ఊపిరి వదిలింది. "అమ్మయ్య. ఇగ ఒట్టు తీరింది" అంది. వెనక్కి తిరిగి ఆఫీసు గదిలోకి నడిచింది. రమ్మనలేదు, వద్దనలేదు. ప్రశాంతి వెంట వెళ్ళింది. గదిలో బల్లకు అటు వైష్ణవి కూర్చుంది. ఇటు ఉన్న కుర్చీ చూపించలేదు. ప్రశాంతి నిలబడే ఉంది.

"నాకెందుకు చెప్పకపోతివే? గప్పుడు గాకుంటె తర్వాతనన్న చెప్పొచ్చు గదా."

"నీ పానం మీద ఒట్టు వెట్టిచ్చుకున్నది అవ్వ. పదిహేనేండ్ల పిల్లను. నాకేమెర్క? చెప్తె నిజంగనే నీకేమన్న అయితదని భయపడ్డ. అదీగాక నీ నోటికి అవ్వ దొరుకుతే ఏమైతుండె? అంతమంది ముంగట ముసలిదాన్ని తిట్టేదానివి. సారు తిట్టేటోడు. జడ్జీలు నవ్వేటోళ్ళు. పాపం ఆమె నీ మీద పాయిరంతో చేసింది."

"పెద్దగైనంకనన్న..."

"పెద్దగైనంక ఒట్టు మీద నమ్మకం పోయింది. గప్పుడు చెప్పొచ్చు. చెప్పబుద్ధి కాలే." వైష్ణవి గొంతు మారింది. "నువ్వు అడగలే ప్రశాంతీ. ఉప్పు ఏసినవా అని ఒక్క మాట అడగలే. ఏసినవ్ అన్నవ్. మా నాయిన్ని, మా ఇంటిని అందరి ముంగట తిట్టినవ్. అయినా డబ్బా తెచ్చి పెట్టిన నీ బెంచి మీద. మూత గూడ తియ్యకపోతివి. పక్క సూర్యుని కాడ ఏమున్నదో అడిగి తెలుసుకుంటవ్, పక్క బెంచిల ఉన్నదాన్ని అడగనీకి ఏమైంది నీకు?"

ముందు ఇంటిది తీసి చూడమని ఊరందరికీ చెప్పిన మనిషి, తన ఇంటి ముసలిదాని కొంగు ముడి ఒక్కసారి చూసి ఉంటే సరిపోయేది. ఏడుపు తన్నుకొచ్చింది. ఆపుకోలేదు.

"తప్పయిందే" అంది.

"తప్పయిందని అందరంటరు. అడుగు."

"ఏమని?"

"గప్పుడు అడగాల్సింది."

మిల్లు చప్పుడు గదిలోకి వినిపిస్తోంది. ప్రశాంతి పైటకొంగుతో ముఖం తుడుచుకుంది. ఇంత పెద్దయ్యాక ఆ ప్రశ్న అడగడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

"స్టవ్వుల ఉప్పు నువ్వేసినవా, వైష్ణవీ?"

"ఎయ్యలే."

అంతే. ఆ రోజు సూర్యాపేటలో అయినా ఇంతసేపే పట్టేది.

"నమ్ముతున్నవా?" అని అడిగింది వైష్ణవి.

"నమ్ముతున్న."

"అవ్వ చెప్పిందని నమ్ముతున్నవా, నేను చెప్పిన్నని నమ్ముతున్నవా?"

ప్రశాంతి తల ఎత్తింది. నువ్వు చెప్పావనే అనడం ఎంతో తేలిక. ఎదురుగా ఉన్న మనిషికి ఆ మాట ఎంత తియ్యగా ఉంటుందో కూడా తెలుసు. అయినా నోరు రాలేదు.

"నాయినమ్మ చెప్పింది గాబట్టి నమ్ముతున్న. ఆమె చెప్పకుంటే నిన్ను అడిగేదాన్నే గాదు. అడిగినా నమ్మేదాన్నో లేదో నాకు ఎర్క లేదే."

వైష్ణవి కళ్ళు నింపుకుంది. తర్వాత కాలితో బల్ల కిందనుంచి ఎదుటి కుర్చీని ఇవతలికి నెట్టింది.

"నువ్వు చెప్పినవనే అని ఉంటే ఎల్లగొట్టేదాన్ని" అంది. "కూసో. కానీ అంతా మంచిగైపోయిందనుకోకు. నాకింక కోపమున్నది."

"ఉండనియ్" అంది ప్రశాంతి, కూర్చుంటూ. "అది తీరేదాక వస్తనే ఉంట."

"బెంగుళూరుల ఉండేదానివి, ఏమొస్తవ్?"

"ఎండకాలం సెలవులకు వస్త. పాలకీడు కంటే ముందు ఈడికే వస్త."

"వస్తవా?"

"వస్త."

ఆ మాటకు ప్రశాంతి దగ్గర ఏ రుజువూ లేదు, పలికే సాక్షీ లేదు. వైష్ణవి నమ్మింది.